ఆర్గురిలో పెద్దవాడు: డాంక్వా

ఘనా దేశమునకు రాజధానియైన ఆక్రా నగరమునకు ఉత్తరమున ఎన్‌సవామ్ అను పట్టణము కలదు. అచ్చటి చెఱసాలలో 1965వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన 69 ఏండ్ల వృద్ధుడొకడు గుండెపోటుతో కన్నుమూసెను. పదమూడు మాసములుగా ఆయన బందీగా నుండెను. ఏ న్యాయస్థానమును ఆయనను విచారింపలేదు. ఏ న్యాయమూర్తియు ఆయనకు శిక్ష విధింపలేదు. ఆ దేశమునకు ఘనా యను పేరు తగునని ఏండ్ల తరబడి చాటినవాడు ఆయనయే. ఆయనను బంధించిన దేశాధ్యక్షుని విదేశమునుండి పిలిపించి రాజకీయములలో నిలిపిన నాయకులలోను ఆయన యొకడు. ఆయనయే జోసెఫ్ బొయాచి డాంక్వా.

నాడు గోల్డు కోస్టు అని పిలువబడుచుండిన బ్రిటిషు వలస రాజ్యమున, క్వాహు ప్రాంతమందలి బెపాంగ్ గ్రామములో 1895 డిసెంబరు మాసమున డాంక్వా జన్మించెను. అకిమ్ అబువాక్వా రాజ్యమును పాలించిన నానా ఒఫొరి అట్టా ఆయనకు సవతి సోదరుడు. యౌవనమున డాంక్వా ఒక న్యాయవాదికడను, పిదప సుప్రీముకోర్టులోను గుమాస్తాగా పనిచేసి, తరువాత సోదరుని ఆస్థానమున కార్యదర్శి యయ్యెను. 1921లో చదువునకై లండను వెళ్లెను. 1926లో బారిస్టరు పట్టమును, మరుసటి యేడు తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను. పశ్చిమాఫ్రికా వాసులలో బ్రిటిషు విశ్వవిద్యాలయమునుండి అట్టి పట్టము నందిన తొలివారిలో ఆయన యొకడు.

స్వదేశమునకు మరలిన పిమ్మట ఆయన కలమునకు విశ్రాంతి యుండలేదు. 1928లో అకాను జాతి ధర్మములను, ఆచారములను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1931లో ఒక దినపత్రికను స్థాపించెను. 1944లో అకానుల దైవభావనను వివరించు గ్రంథము వెలువరించెను. ఆఫ్రికా వారికి తత్త్వచింతన లేదనువారికి అది విద్వాంసుడిచ్చిన సమాధానము. ప్రాచీన కాలమున సహారా యెడారి దక్షిణపు టంచున వర్ధిల్లిన ఘనా సామ్రాజ్యమునుండి తన జాతివారు తరలి వచ్చిరని ఆయన వాదించెను. ఆ వాదమును చరిత్రకారులలో పెక్కురు అంగీకరింపలేదు. అయినను ఆ పేరు ప్రజల మనసున నాటుకొనెను. దేశమున విశ్వవిద్యాలయము నెలకొల్పవలెనని పట్టుబట్టినవారిలోను ఆయన ముఖ్యుడు.

1947 ఆగస్టు 4వ తేదీన సాల్ట్‌పాండ్ పట్టణమున డాంక్వా, ఆయన మిత్రులు కలసి యునైటెడ్ గోల్డు కోస్టు కన్వెన్షన్ అను రాజకీయ సంస్థను స్థాపించిరి. దానికి పూర్తికాలము పనిచేయు కార్యదర్శి కావలసి వచ్చెను. అప్పుడు లండనులో నుండిన క్వామె ఎన్‌క్రుమా పేరును అకో అడ్జె అను యువ న్యాయవాది సూచించెను. నాయకులు ఆహ్వానింపగా ఎన్‌క్రుమా ఆ డిసెంబరులో స్వదేశము చేరెను. 1948 ఫిబ్రవరి 28వ తేదీన, కోర్కెల పత్రముతో గవర్నరు నివాసమునకు పోవుచుండిన మాజీ సైనికులపై పోలీసులు కాల్పులు జరుపగా మువ్వురు మరణించిరి. ఆక్రా అట్టుడికిపోయెను. ప్రభుత్వము ఆర్గురు నాయకులను విచారణ లేకయే నిర్బంధించి ఉత్తర ప్రాంతమునకు పంపెను. వారు డాంక్వా, ఎన్‌క్రుమా, అకో అడ్జె, ఒబెట్సెబి లాంప్టె, అకుఫొ అడ్డొ, విలియం ఒఫొరి అట్టా. ప్రజలు వారిని మహాషట్కముగా కొనియాడిరి. వయస్సున అందరికంటె పెద్దవాడు డాంక్వా.

ఆ ఐకమత్యము ఎక్కువ కాలము నిలువలేదు. స్వరాజ్యము మెట్టు మెట్టుగా, చట్టబద్ధముగా రావలెనని డాంక్వా తలచెను. తక్షణమే రావలెనని ఎన్‌క్రుమా పలికెను. 1949 జూన్ 12వ తేదీన ఎన్‌క్రుమా వేరుపడి కన్వెన్షన్ పీపుల్స్ పార్టీని స్థాపించెను. కార్మికులు, చిరు వర్తకులు, బజారులలోని స్త్రీలు, కొద్దిపాటి చదువు చదివి ఉద్యోగము లేని యువకులు ఆయన వెంట నడచిరి. డాంక్వా పక్షమున న్యాయవాదులు, రాజవంశీయులు నిలచిరి. సామాన్యుని హృదయమును తాకు మాట ఆయన నోట రాలేదు. 1951 ఎన్నికలలో 38 స్థానములకు 34 స్థానములను ఎన్‌క్రుమా పక్షము గెలుచుకొనెను. డాంక్వా నాడు గెలిచినను, 1954లోను 1956లోను ఓడిపోయెను. 1957 మార్చి 6వ తేదీన దేశము స్వతంత్రమైనప్పుడు, ఆయన సమర్థించిన పేరు దానికి దక్కెను. అధికారము మాత్రము ఎన్‌క్రుమాకు దక్కెను.

స్వాతంత్ర్యము వచ్చిన యేడే ప్రాంతము, తెగ, మతముల పేర పార్టీలు ఉండరాదని శాసనమయ్యెను. ప్రతిపక్షములన్నియు యునైటెడ్ పార్టీగా ఏకమయ్యెను. 1958లో ముందుజాగ్రత్త నిర్బంధ శాసనము వచ్చెను. దాని ప్రకారము ప్రభుత్వము తనకు అనుమానము కలిగిన వానిని విచారణ లేకయే అయిదేండ్లవరకు బంధింపవచ్చును. ఆ పేరుగల శాసనము భారతదేశమున 1950లోనే యుండెను. కాని ఇచ్చట నిర్బంధ కారణములను పరిశీలించుటకు సలహామండలి యొకటి కలదు. ఘనాలో అట్టిది లేదు. స్వాతంత్ర్యమునకు ముందు కుమాసీ నగరమున ఇరుపక్షముల నడుమ నెత్తురు చిందిన మాట నిజమే. కొత్త రాజ్యము చీలిపోవునను భయమును ప్రభుత్వము కారణముగా చూపెను. అయితే ఆ శాసనము కత్తి పట్టినవానిని, మాటాడినవానిని వేరుచేసి చూడలేదు. ప్రతిపక్ష నాయకుడు బుసియా 1959లో దేశము విడిచిపోయెను. 1960 ఏప్రిలులో జరిగిన అధ్యక్ష ఎన్నికలో ఎన్‌క్రుమా నెదిరించి నిలచినవాడు డాంక్వా యొక్కడే. ఎన్‌క్రుమాకు 10,16,076 వోట్లు, డాంక్వాకు 1,24,623 వోట్లు వచ్చినట్లు ప్రకటించిరి.

డాంక్వా జీవితమున మిక్కిలి గొప్ప పోరాటము ఎన్నికలలో గాక న్యాయస్థానమున జరిగినది. 1959 నవంబరులో అశాంతి రాజుకు వాగ్మిగా నుండిన బఫూర్ అకోటోను, మరి యేడుగురిని ప్రభుత్వము నిర్బంధించెను. వారి పక్షమున డాంక్వా వాదించెను. గణరాజ్య రాజ్యాంగమందలి 13వ అధికరణము ననుసరించి అధ్యక్షుడు పదవి స్వీకరించునప్పుడు ప్రజల వాక్స్వాతంత్ర్యమును, న్యాయస్థానముల నాశ్రయించు హక్కును కాపాడుదునని ప్రకటించును. ఆ ప్రకటన అధ్యక్షుని బంధించు శాసనమని డాంక్వా వాదము. 1961 ఆగస్టు 28వ తేదీన ప్రధాన న్యాయమూర్తి కోర్సా మొదలగువారు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. ఆ ప్రకటన నైతిక బాధ్యతయే గాని శాసనము కాదనియు, పాలకుడు మాట తప్పినచో ప్రజలకు దిక్కు వోటు పెట్టెయే గాని న్యాయస్థానము కాదనియు తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు వెలువడిన అయిదు వారములకే ఆ శాసనము డాంక్వా తలుపు తట్టెను. సెకొండి, టాకొరాడి పట్టణములలో రైల్వే, ఓడరేవు కార్మికులు సమ్మె చేయగా, ప్రతిపక్షమే దానికి మూలమని ప్రభుత్వము తలచి అక్టోబరు 3వ తేదీన ఆయనను బంధించెను. 1962 జూన్‌లో విడుదలయిన తరువాత న్యాయవాదులు ఆయనను తమ సంఘమునకు అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ఇంతలో మహాషట్కము ఒక్కొక్కటిగా ముక్కలగుచుండెను. ఒబెట్సెబి లాంప్టె 1963 జనవరిలో నిర్బంధమునందే మరణించెను. ఎన్‌క్రుమాపై జరిగిన బాంబు దాడిలో అకో అడ్జెకు పాలున్నదని అభియోగము మోపిరి. 1963 డిసెంబరులో కోర్సా, అకుఫొ అడ్డొ కూర్చుండిన న్యాయస్థానము ఆయన నిర్దోషి యని విడిచిపెట్టగా, ఎన్‌క్రుమా కోర్సాను ప్రధాన న్యాయమూర్తి పదవినుండి తొలగించెను. మరల జరిగిన విచారణలో అకో అడ్జెకు మరణశిక్ష పడి, పిదప అది ఖైదుగా మారెను. వోటు పెట్టెయే దిక్కని చెప్పిన న్యాయమూర్తికి తన పీఠమే నిలువలేదు. 1964 జనవరిలో ఏకపక్ష రాజ్యమునకై జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 99కి పైగా అనుకూలమని ప్రకటించిరి. మరుసటి యేడు శాసనసభకు పోలింగే జరుగలేదు; పాలకపక్ష అభ్యర్థులందరు ఎన్నికైనట్లు ప్రకటింపబడిరి. అట్లు వోటు పెట్టెయు మూతపడెను.

1964 జనవరి 2వ తేదీన ఒక పోలీసు కాపలాదారు ఎన్‌క్రుమాపై తుపాకి పేల్చెను. అధ్యక్షుడు బ్రతికెను గాని ఆయన రక్షకు డొకడు మరణించెను. 8వ తేదీన డాంక్వాను మరల బంధించి ఎన్‌సవామ్‌నకు పంపిరి. ఆ సెప్టెంబరులో ఆయన చెఱసాల నుండి ఎన్‌క్రుమాకు లేఖ వ్రాసి తన కష్టములను తెలిపెను. 1948లో ఉభయులును బ్రిటిషువారి బందీలుగా నుండిన దినములను జ్ఞప్తి చేసెను. పరాయి ప్రభుత్వము నాడు తమలో ఒక్కొక్కరికి తోటగల ఇల్లు, చదువుకొనుటకు, వ్రాసికొనుటకు వీలు కల్పించిన సంగతిని గుర్తుచేసి విడుదల కోరెను. విడుదల రాలేదు, మృత్యువు వచ్చెను.

1966 ఫిబ్రవరి 24వ తేదీన సైన్యము ఎన్‌క్రుమాను పదవీచ్యుతుని చేసెను. చెఱసాలల తలుపులు తెరచుకొనెను. ఎన్‌క్రుమా 1972లో పరదేశమున మరణించెను. ఆయన కట్టించిన ఓల్టా ఆనకట్ట, తెరిపించిన పాఠశాలలు ఘనాకు నిలిచియున్నవి. ఆ మేలును కాదనుట న్యాయము గాదు. డాంక్వా ప్రజల వోట్లను గెలువలేకపోయిన మాటయు దాచదగినది గాదు. కాని ఓడిపోయినవానికి జీవించు హక్కు, మాటాడు హక్కు ఉండుటయే గదా ప్రజాస్వామ్యము! ఘనాకు 1992లో వచ్చిన రాజ్యాంగము ప్రాథమిక హక్కులను న్యాయస్థానములు అమలుపరుపదగిన శాసనముగా చేసినది. 1961లో ఆ వృద్ధ న్యాయవాది ఓడిపోయిన వాదమే, ఆయన పోయిన పిమ్మట, దేశమునకు ధర్మమైనది.