హరీశ్‌చంద్ర

మార్కాపురం పలకలకు పేరెన్నికగన్నది. చతురస్రాకారపు పలకనొకదానిని పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోతే, నాలుగవ మారు అది మొదటి స్థితికే చేరుతుంది. ఈ నాలుగు భ్రమణాలు కలిసి గణితశాస్త్రంలో ఒక సమూహమవుతాయి. ఒక్కొక్క భ్రమణానికి ఒక్కొక్క మాత్రికను నిర్ణయించి, భ్రమణాల కలయికను మాత్రికల గుణకారంగా చూపడమే సమూహ ప్రాతినిధ్యం. ఆ సిద్ధాంతానికి జీవితాన్ని ధారపోసిన భారతీయ గణితవేత్త హరీశ్‌చంద్ర.

ఆయన 1923 అక్టోబరు 11న కాన్పూరులో జన్మించారు. పదహారవ యేటనే ఇంటర్మీడియెట్ ముగించి అలహాబాదు విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి గ్రంథాలయంలో లభించిన డిరాక్ క్వాంటం యాంత్రికశాస్త్ర గ్రంథం ఆయనను భౌతికశాస్త్రం వైపు మళ్ళించింది. 1943లో ఎం.ఎస్సీ. పట్టా పొంది, బెంగుళూరులో హోమీ భాభా వద్ద పరిశోధన సాగించారు. 1945లో కేంబ్రిడ్జి చేరి డిరాక్‌కే శిష్యులయ్యారు. లోరెంట్జ్ సమూహపు అనంత ప్రాతినిధ్యాలపై 1947లో డాక్టరేటు సాధించారు.

పట్టా లభించినా మనసుకు తృప్తి కలుగలేదు. తన నిరూపణలు గట్టివి కావన్న సంశయం ఆయనను వేధించింది. గురువు దృష్టి ప్రకృతి నడక మీద, శిష్యుని దృష్టి నిరూపణ మీద నిలిచాయి. భౌతికశాస్త్రానికి కావలసిన అంతర్దృష్టి తనకు లేదని నిజాయితీగా గుర్తించి, డిరాక్ వెంట ప్రిన్స్‌టన్ వెళ్ళిన పిమ్మట ఆయన గణితాన్నే వరించారు.

మాత్రిక ప్రధాన వికర్ణంలోని మూలకాల మొత్తాన్ని జాడ అంటారు. పరిమిత ప్రాతినిధ్యాలను ఆ జాడతోనే గుర్తించవచ్చు. కాని అనంత ప్రాతినిధ్యాలలో ఆ మొత్తం సాధారణంగా ఒక విలువకు చేరదు. అట్టి జాడకు కచ్చితమైన అర్థం కల్పించి, అది నిజానికి ఒక ప్రమేయమేనని హరీశ్‌చంద్ర నిరూపించారు. 1950 నుండి 1963 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలోను, ఆపై ప్రిన్స్‌టన్ ఉన్నత విద్యాసంస్థలోను ఈ కృషి దశాబ్దాల తరబడి సాగింది.

1969లో గుండెపోటు వచ్చినా ఆయన పరిశోధన మానలేదు. 1973లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1983 అక్టోబరు 16న సాయంకాలపు నడకకు వెళ్ళి, గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి అరవై యేండ్లు నిండి అయిదు రోజులే. నేటి ప్రయాగ్‌రాజ్‌లోని గణిత, భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఆయన పేరుతో వెలుగొందుతున్నది.

సందేహాన్ని దాచుకొని ఉంటే ఆయన పట్టాతోనే తృప్తిపడేవారు. దానిని గౌరవించినందువల్లనే ఒక శాస్త్రశాఖకు పునాది వేయగలిగారు.