సూదీ దారంతో నోబెల్ దాకా

చోడవరంలో మగ్గం వర్క్ చేసే ఏ దుకాణం ముందైనా కాసేపు నిలబడి చూడండి. బిగించి కట్టిన గుడ్డ మీద సూది పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. పనివాళ్ల చేయి ఎలాంటిదో తెలియాలంటే జాకెట్టు పైవైపు చూస్తే సరిపోదు, తిరగేసి చూడాలి. ముళ్లు, వేలాడే దారపు కొసలు లేకుండా లోపల కూడా శుభ్రంగా ఉంటే అదీ గట్టి చేయి. ఈ ఒక్క సంగతిని పట్టుకుని వైద్యంలో నోబెల్ దాకా వెళ్లిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు అలెక్సిస్ కారెల్. మీరు బైపీసీ చదువుతూ సర్జన్ అవ్వాలనుకుంటున్నా, బయోమెడికల్ ఇంజినీరింగ్ వైపు చూస్తున్నా ఈయన కథ తెలుసుకోవాల్సిందే. ముందే చెబుతున్నా, ఇది మొదటి నుంచి చివరి దాకా చప్పట్లు కొట్టే కథ మాత్రం కాదు.

కారెల్ 1873 జూన్ 28న ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం పక్కన పుట్టారు. మనకు ధర్మవరం, పోచంపల్లి ఎలాగో ఫ్రాన్స్‌కు పట్టు అంటే లియాన్ అలాగ. తండ్రి బట్టల వ్యాపారి. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయారు, తల్లే పెంచి చదివించింది. కుర్రాడు లియాన్‌లోనే వైద్యవిద్యలో చేరాడు.

1894 జూన్ 24న ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్‌కు వచ్చారు. బండిలో వెళ్తుండగా ఒక ఇటలీ యువకుడు కత్తితో పొడిచాడు. కాలేయానికి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర తెగింది. ఊళ్లోని పేరుమోసిన సర్జన్లు చుట్టూ ఉన్నారు. అయినా అర్ధరాత్రి దాటేసరికి ప్రాణం పోయింది. ఎందుకంటారా? అప్పటి సర్జన్లకు తెగిన రక్తనాళాన్ని దారంతో బిగించి కట్టేయడం వచ్చు గానీ, మళ్లీ రక్తం పారేలా అతకడం నమ్మకంగా చేతకాదు. చిన్న నాళాన్ని కట్టేస్తే పక్క నాళాలు ఆ పని అందుకుంటాయి. పెద్దదాన్ని కట్టేస్తే అది రక్తం అందించే అవయవమే పోతుంది. దేశాధ్యక్షుడికే దిక్కులేకపోతే మామూలు మనిషి సంగతి చెప్పాలా? అప్పటికి కారెల్‌కు 21 ఏళ్లు నిండడానికి నాలుగు రోజులే తక్కువ. గుడ్డను కుట్టగలిగినప్పుడు నాళాన్ని ఎందుకు కుట్టలేమన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

ఇక్కడే అసలు కష్టమేంటో చూద్దాం. రక్తనాళం లోపలి పొర అద్దంలా నునుపుగా ఉంటుంది. ఆ పొర చిరిగినా, దారం లోపలికి పొడుచుకొచ్చినా రక్తం అక్కడ గడ్డకడుతుంది, నాళం మూసుకుపోతుంది. అంటే పైనుంచి కుట్టు ఎంత గట్టిగా కనిపించినా లాభం లేదు, తిరగేసిన వైపే ముఖ్యం. పైగా నాళం మెత్తటి గొట్టం. ఒకవైపు కుడుతుంటే సూది అవతలి గోడకు కూడా తగిలి రెండూ కలిసి కుట్టుకుపోతాయి.

కారెల్ ఏ పెద్ద ప్రొఫెసర్ దగ్గరకో వెళ్లలేదు. లియాన్‌లో ఎంబ్రాయిడరీకి పేరున్న మదామ్ లెరూదియే అనే ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకున్నారు. అంతకంటే సన్నవి ఉండవనిపించే సూదులు, పట్టుదారం సంపాదించారు. దారానికి వాజలైన్ రాశారు, గోడలోంచి జారుతూ పోవాలని, రక్తం దానికి పట్టుకోకూడదని. ఇక గుండ్రటి గొట్టానికి ఆయన కనిపెట్టిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. తెగిన రెండు అంచుల్నీ సమాన దూరాల్లో మూడు చోట్ల దారంతో కలిపి, ఆ మూడు దారాల్నీ మూడు వైపులకు లాగి పట్టుకోవడమే. గుండ్రటి నోరు కాస్తా త్రికోణం అవుతుంది. త్రికోణానికి భుజాలు తిన్నగా ఉంటాయి కదా, ఒక్కో భుజాన్నీ చీర అంచు కుట్టినట్టు కుట్టుకుంటూ పోవచ్చు. అవతలి గోడ సూదికి దూరంగా ఉంటుంది. అంచుల్ని కొద్దిగా బయటికి మడిచి కుడితే లోపల నునుపు పొరకు నునుపు పొర తగులుతుంది. 1902లో ఈ పద్ధతిని ప్రచురించారు. వాస్కులర్ సర్జరీలో అడుగుపెట్టే విద్యార్థికి ఇప్పటికీ ఈ త్రికోణం పాఠం ఉంటుంది.

ఇంత చేసినాయనకు సొంత ఊళ్లో ఉద్యోగం రాలేదంటే నమ్ముతారా? లియాన్ ఆస్పత్రిలో సర్జన్ పోస్టు కోసం రాసిన పోటీ పరీక్షల్లో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తప్పారు. దానికితోడు 1902లో లూర్ద్ పుణ్యక్షేత్రానికి వెళ్లే రోగులకు తోడుగా వెళ్లి, అక్కడ ఒక రోగి అనూహ్యంగా కోలుకోవడం కళ్లారా చూశానని చెప్పడంతో తోటి వైద్యులకు దూరమయ్యారు. విసిగిపోయి 1904లో కెనడా ఓడెక్కారు. వైద్యం మానేసి పశువుల పెంపకం పెట్టుకుందామనుకున్నారట! అదృష్టం బాగుండి షికాగోలో ఒక ప్రయోగశాలలో చోటు దొరికింది. అక్కడ చార్లెస్ గత్రీ అనే శాస్త్రవేత్తతో కలిసి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. సిర ముక్కను ధమనిలో అతికారు, మూత్రపిండాల్ని తీసి వేరేచోట అమర్చారు. 1906లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు మారారు. ఒక జంతువు మూత్రపిండాన్ని దానికే మళ్లీ అమర్చితే పనిచేస్తోంది, వేరే జంతువుకు పెడితే కొన్నాళ్లకు పాడవుతోంది. కుట్టులో లోపం లేదని, శరీరమే పరాయిదాన్ని తిప్పికొడుతోందని ఆయనకు అర్థమైంది. ఆ అడ్డంకి దాటి 1954లో బోస్టన్‌లో ఒకే పోలిక కవలల మధ్య మూత్రపిండ మార్పిడి గెలిచేదాకా ప్రపంచం ఆగాల్సి వచ్చింది.

1908లో ఒక రాత్రి న్యూయార్క్‌లో ఒక డాక్టరు గారి పసికందుకు రక్తస్రావం ఆగడం లేదు. పుట్టి కొన్ని రోజులే అయింది. రక్తాన్ని సీసాలో గడ్డకట్టకుండా నిల్వ చేసే పద్ధతి అప్పటికి లేదు. కారెల్‌ను పిలిపించారు. అమెరికాలో వైద్యం చేసే లైసెన్సు కూడా ఆయనకు లేదు. తండ్రి మణికట్టు ధమనిని బిడ్డ మోకాలి వెనుక సిరకు నేరుగా కుట్టేశారు. అగ్గిపుల్లంత లావు కూడా ఉండని సిర అది. నాన్న రక్తం బిడ్డలోకి పారింది, పాలిపోయిన ఒళ్లు ఎర్రబడింది, బిడ్డ బతికింది. రక్తం గ్రూపులు సరిచూసే అలవాటు లేని రోజులవి కాబట్టి ఇందులో అదృష్టం పాలు కూడా ఉంది.

1912లో నోబెల్ వచ్చింది. అప్పటికి వయసు 39. అయితే బహుమతి కారెల్ ఒక్కరికే ఇచ్చారు. గత్రీ పేరు లేదు. షికాగో పనిలో గత్రీ వాటా చిన్నదేం కాదని చరిత్ర రాసినవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. ప్రాజెక్టు కలిసి చేసి రిపోర్టు మీద ఒక్కడి పేరే వస్తే ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి, పలచని హైపోక్లోరైట్ ద్రావణంతో గాయాల్ని కడిగే పద్ధతి తెచ్చారు. యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో అది ఎందరో సైనికుల కాళ్లూ చేతులూ కాపాడింది. విమాన యోధుడు లిండ్‌బెర్గ్‌తో కలిసి, అవయవాల్ని శరీరం బయట బతికించే పంపు తయారుచేశారు. ఇక తప్పుల సంగతికొద్దాం. కోడిపిల్ల గుండె కణాలు ఎప్పటికీ చావకుండా విభజన చెందుతూనే ఉంటాయని ప్రపంచాన్ని నమ్మించారు. 1961లో హేఫ్లిక్ పరిశోధన అది నిజం కాదని తేల్చింది. అంతకంటే పెద్ద మచ్చ 1935లో రాసిన పుస్తకం. మనుషుల్లో మేలు జాతిని పెంచాలని, కొందరు నేరస్తుల్ని, పిచ్చివాళ్లని విషవాయువుతో చంపేయాలని అందులో వాదించారు. నాజీలకు లొంగిన విషీ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఒక సంస్థనూ నడిపారు. ప్యారిస్‌కు విముక్తి వచ్చాక ఆ పదవి పోయింది. 1944 నవంబర్ 5న చనిపోయారు. 1990లలో ఫ్రాన్స్‌లో ఆయన పేరున్న వీధులకు వరసగా పేర్లు మార్చేశారు. పసిబిడ్డ ప్రాణం కోసం రాత్రికి రాత్రి పరిగెత్తిన మనిషే ఇలా రాశాడంటే మింగుడుపడదు. నాకూ పడలేదు.

ఆయన కుట్టు మాత్రం నిలిచింది. మరి వందేళ్లు దాటినా సూదీ దారమేనా? వేరే దారులు వెతికారు. 1942లో తుపాకీ గురి చూసే పరికరం కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుంటే హ్యారీ కూవర్ చేతికి సైనోయాక్రిలేట్ తగిలింది. ముట్టుకున్నదల్లా అంటుకుపోతోందని విసుక్కుని పక్కన పడేశారు. అదే తర్వాత సూపర్ గ్లూ అయింది, వియత్నాం యుద్ధంలో రక్తం ఆపే స్ప్రేగా వాడారు. దాన్ని మార్చి చేసిన వైద్య రకానికి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల నుదుటి మీద చిన్న గాయాల్ని ఇప్పుడు దాంతో అతికిస్తున్నారు. (కిరాణా కొట్లో దొరికే గమ్ గాయం మీద వేయకండి, అది వేరు.) శరీరం లోపలికైతే ఫైబ్రిన్ గ్లూ ఉంది. రక్తం గడ్డకట్టే చివరి మెట్టునే సీసాల్లో పెట్టి, రెండింటినీ గాయం మీద కలుపుతారన్నమాట. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ మన దేశంలో దీని మీద పనిచేసింది.

లేజర్ కథ ఇంకా ఆసక్తికరం. 1979లో జైన్, గోరిష్ అనే ఇద్దరు చిన్న రక్తనాళాల్ని లేజర్‌తో అతికి చూపించారు. కణజాలంలోని కొల్లాజెన్ పోగులు 60 డిగ్రీలు దాటిన వేడికి విప్పారి, చల్లారేటప్పుడు అవతలి అంచు పోగులతో పెనవేసుకుంటాయి. బెల్లం వండే ఇళ్ల పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పాకం ఒక్క పదును తప్పితే అచ్చు రాదు. ఇక్కడా అంతే, వేడి తక్కువైతే అతుకు ఊడుతుంది, ఎక్కువైతే కణజాలం మాడుతుంది. అందుకే అల్బుమిన్‌లో ఆకుపచ్చ రంగు కలిపి అతుకు మీద రాసి, వేడి అక్కడే పుట్టేలా చూస్తున్నారు. అయినా మొదటి రోజుల్లో ఆ అతుకుకు కుట్టంత బలం రావడం లేదు. మిగిలిన ఈ పని డాక్టర్లది మాత్రమే కాదు, ఫిజిక్స్, పాలిమర్ కెమిస్ట్రీ, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లది కూడా.

సర్జన్ దారే కావాలంటే లెక్క వేసుకోండి. నీట్ తర్వాత ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, జనరల్ సర్జరీ ఎంఎస్ మూడేళ్లు, వాస్కులర్‌లో ఎంసీహెచ్ మరో మూడేళ్లు. అంత ఓపిక లేకపోతే డయాలసిస్ టెక్నాలజీ, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ కోర్సులున్నాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు తెలిసిన మన ఉత్తరాంధ్రలో డయాలసిస్ టెక్నీషియన్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. డయాలసిస్ రోగి ముంజేతి మీద ఉబ్బిన నరం చూసే ఉంటారు. దాన్ని ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్క్ వైద్యులు ప్రచురించిన పద్ధతి అది. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుడతారు, సన్నటి సూదితో, లోపలి పొరకు లోపలి పొర తగిలేలా. సూది గుచ్చే ముందు టెక్నీషియన్ ఆ నరం మీద రెండు వేళ్లు ఆనించి చూస్తారు. లోపల రక్తం పారుతుంటే తేనెటీగ రొద పెట్టినట్టు వేలి కింద సన్నటి అదురు తెలుస్తుంది.