స్టార్ట్ కాని ఇంజిన్: రుడాల్ఫ్ డీజిల్ కథ

సంక్రాంతి సెలవులకి ఊరెళ్తే, పొద్దున్నే మా బాబాయ్ లారీ మొరాయించింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. మెకానిక్ వచ్చి ముందు ఇంజిన్ వైపు కాదు, సైలెన్సర్ వైపు చూశాడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ అసలు రాకపోతే సిలిండర్‌లోకి డీజిల్ వెళ్లట్లేదని, తెల్ల పొగ వస్తే వెళ్తోంది గానీ మండట్లేదని అర్థమట. మా లారీకి పొగ రాలేదు. ముందురోజు ట్యాంక్ ఖాళీ అయ్యేదాకా నడిపారు, పైపులో గాలి చేరింది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాడు. అంతే, బండి స్టార్ట్!

మనం చేసే డీబగ్గింగ్ కూడా ఇదే కదా అనిపించింది. అసలు డీజిల్ అనేది ఒక మనిషి పేరని నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆయన మొదటి ఇంజిన్ కూడా స్టార్ట్ కాలేదు.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్‌కీ జర్మన్లకీ యుద్ధం రావడంతో కుటుంబం లండన్ వెళ్లిపోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ల పిల్లాడిని చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. తర్వాత మ్యూనిక్‌లో ఇంజనీరింగ్. 1879లో టైఫాయిడ్ వచ్చి ఫైనల్ పరీక్షలు రాయలేకపోయాడు. మరుసటి ఏడాది రాసి మంచి మార్కులతో బయటికొచ్చాడు. ఒక ఏడాది పోతే జీవితమే పోయిందనుకునే మనలాంటి వాళ్లకి ఇది గుర్తుండాలి.

క్లాసులో ప్రొఫెసర్ లిండే చెప్పిన ఒక విషయం ఆయన బుర్రలో ఉండిపోయింది. స్టీమ్ ఇంజిన్‌లో బొగ్గు ఇచ్చే వేడిలో పదో వంతు కూడా సరిగ్గా పనికి రాదు, మిగతాదంతా వృథా. దీనికి డీజిల్ ఆలోచన ఇది: సైకిల్ పంపు కొడితే అడుగున వేడెక్కుతుంది కదా, అలాగే సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే ఇంధనం అంటుకోవాలి. స్పార్క్ అక్కర్లేదు. 1892లో పేటెంట్‌కి అప్లై చేశాడు.

కాగితం మీద అంతా బాగుంది. కానీ మొదట వేసిన లెక్కలో 250 అట్మాస్ఫియర్ల ప్రెషర్ ఉంది. అంత ప్రెషర్‌ని ఏ సిలిండరూ ఆపలేదు. లెక్కలు మార్చి బాగా తగ్గించాల్సి వచ్చింది. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి టెస్ట్ చేశారు. ఇంజిన్‌ని బయటి నుంచి బెల్టుతో తిప్పుతూ లోపలికి ఇంధనం వదిలారు. అంటుకుంది గానీ, ప్రెషర్ కొలిచే పరికరం పేలి ముక్కలైంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్ మాత్రం సొంతంగా తిరగలేదు.

డీజిల్ నిరాశపడలేదు. అంటుకుందంటే ఐడియా కరెక్టే, తప్పు ఇంకెక్కడో ఉందని అర్థం. ఇక ఒక్కోటి పట్టుకున్నాడు. పిస్టన్ పక్క నుంచి ప్రెషర్ లీకవుతోందా? ఇంధనం సరైన టైముకి, సరిగ్గా చిమ్ముతోందా? 1894 ఫిబ్రవరి 17న బెల్టుతో తిప్పుతుండగా, బెల్టు లాగే తీరు మారడం ఒక పనివాడు గమనించాడు. ఇంజినే బెల్టుని లాగుతోంది! అలా సుమారు ఒక నిమిషం, 88 చుట్లు తిరిగింది. ఆ నిమిషం తర్వాత పనికొచ్చే ఇంజిన్ తయారవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 1897 టెస్ట్‌లో ఇంధనం వేడిలో 26.2 శాతం పనిగా మారింది. అప్పటికి అది చాలా పెద్ద అంకె.

డబ్బు, పేరు వచ్చాయి. కానీ లైసెన్స్ కొన్నవాళ్ల ఇంజిన్లు చెడిపోయాయి, పేటెంట్ గొడవలొచ్చాయి, ఆరోగ్యం పాడైంది, పెట్టుబడులు మునిగాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే ఓడలో భోజనం చేసి క్యాబిన్‌కి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. కొన్ని రోజులకి సముద్రంలో దొరికిన శవం మీది వస్తువుల్ని కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్నది నేటికీ తేలలేదు. బయల్దేరే ముందు భార్యకి ఒక బ్యాగ్ ఇచ్చి వారం తర్వాత తెరవమన్నాడట. అందులో కొంత నగదు, అకౌంట్లు ఖాళీ అని చూపే కాగితాలు ఉన్నాయి.

నాకు ఇక్కడే బాధేసింది. ఇంజిన్‌లో లోపం వస్తే పదిమందిని నిలబెట్టుకుని వెతికిన మనిషి, తన కష్టాన్ని మాత్రం ఇంట్లో కూడా విప్పి చూపించలేదు.

డీజిల్ లారీలు మార్కెట్‌లోకి వచ్చింది ఆయన పోయిన పదేళ్లకి, 1924 ప్రాంతంలో. మా బాబాయ్ లారీ దగ్గర మెకానిక్ వెతికింది కూడా ఆయన వెతికినవే: డీజిల్ వస్తోందా, ప్రెషర్ సరిపోతోందా, వేడి పుడుతోందా. ఈసారి మీ ఊరి రోడ్డు మీద లారీ స్టార్ట్ అయిన చప్పుడు వింటే, ఆ 88 చుట్లు ఒకసారి గుర్తు చేసుకోండి. మీ హాస్టల్ రూమ్‌లో ఎవరైనా కొన్నాళ్లుగా మాట తగ్గించేసి ఉంటే, వెళ్లి పలకరించండి.