మెకంజీ దొర కూడబెట్టిన సొత్తు

ఈ గుడి ఎవరు కట్టించినారు, ఈ చెరువు ఎవరు తవ్వించినారు, ఈ మాన్యం ఎవరిచ్చినారు అని ఊరూరా మనుషులను పంపి అడిగించి వ్రాయించిన దొర ఒకరు మన దేశంలో ఉండేవారు. ఆయన పేరు కర్నల్ కాలిన్ మెకంజీ. తెలుగునాట చరిత్ర చదువుకొన్నవారికి మెకంజీ కైఫీయత్తులన్న మాట కొత్తది కాదు. అయితే ఆయన ఆయుష్షంతా కూడబెట్టిన సొత్తు ఆయన పోయిన పిదప ఏమైనదో మనము అంతగా చెప్పుకోము. పొట్ట చేతపట్టుకొని ఊళ్లు మారిన మనవంటివారు ఆ కథ తెలుసుకోవలసినది.

స్కాట్లండుకు పడమట సముద్రంలో లూయిస్ అనే దీవి ఉన్నది. ఆ దీవిలో స్టోర్నవే అనే రేవు ఊళ్లో 1754 ప్రాంతాన మెకంజీ పుట్టినారు. మొదట ఆ ఊళ్లోనే సుంకం కచేరీలో ఉద్యోగం చేసినారు. దాదాపు ముప్పయి ఏళ్ల వయసులో, 1783లో, కుంఫిణీ కొలువుకని మద్రాసులో దిగినారు. తరువాత ముప్పయి ఎనిమిదేళ్లు బ్రతికినారు గాని పుట్టిన ఊరు మరల చూడలేదు.

సైన్యంలో ఆయన పని ఇంజనీరు పని, నేల కొలిచే పని. నైజాము రాజ్యంలో ఉన్న కుంఫిణీ దండుతో తిరుగుతున్న రోజుల్లో ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు ఆయనవద్ద చేరినాడు. అక్కడనుండి దొరగారి కథ మారినది. నేల ఎంత పొడవు, ఎంత వెడల్పు అని తెలుసుకొంటే చాలదనీ, ఆ నేలమీద ఎవరెవరు ఏలినారో, ఎట్లు బ్రతికినారో కూడా తెలియవలెననీ ఆయనకు కోరిక పుట్టినది. దొరగారికి మన భాషలు చదువ వచ్చేవి కావు. ఆయనకు కన్నూ నోరూ బొర్రయ్యే అయినాడు.

1799లో టిప్పు సుల్తానుమీదికి పోయిన సైన్యం వేలూరునుండి బయలుదేరి బారామహల్ మీదుగా శ్రీరంగపట్టణానికి నడిచినది. మన నాట్రంపల్లి సీమ ఆ బారామహల్‌లోనిదే. ఆ యుద్ధంలో మెకంజీ గారు ఇంజనీరుగా ఉన్నారు. టిప్పు పడిపోయిన పిదప మైసూరు సీమను కొలిచే పనిని ఆయనకే అప్పగించినారు. సుమారు 40,000 చదరపు మైళ్ల నేల కొలిచి పటాలు వేయించడానికి దాదాపు పదేండ్లు పట్టినది. సర్కారు పని అది. శాసనాలకు నకళ్లు తీయించడం, తాళపత్రాలు కొనడం, పాత నాణాలు ఏరడం, కరణాలచేత ఊరి వృత్తాంతాలు వ్రాయించడం ఆయన స్వంత పని. దానికి ఖర్చు చాలమట్టుకు తన జీతంలోనుండే పెట్టుకొన్నారు.

పాత కన్నడ లిపి చదివే దారి కనిపెట్టిన ఘనత బొర్రయ్యకు దక్కినది. కాని 1803లో, ఇరవై ఏడేళ్లయినా సరిగా నిండకముందే అతడు చనిపోయినాడు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య భుజాన వేసుకొన్నాడు. నారాయణరావు, ఆనందరావు వంటి గుమాస్తాలు జిల్లాలు తిరిగేవారు. ఎక్కడ ఏమి దొరికినదో, ఎవరు ఇవ్వమన్నారో అంతా దొరగారికి వ్రాసి పంపేవారు. ఊరివారు కొందరు భయపడేవారు. పాత కాగితం చూపిస్తే మాన్యం పోతుందేమో, పన్ను పెరుగుతుందేమో అని దాచుకొనేవారు. అట్టివారికి నచ్చజెప్పి తేవలెను. దొర పేరు మాత్రమే పైకి వచ్చినది గాని, ఎండలో తిరిగిన కాళ్లు మనవారివి.

అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారి కాలంలో పాత దిబ్బను తవ్వినప్పుడు చెక్కడపు రాళ్లు బయటపడినవి. మెకంజీ అక్కడికి వెళ్లి చూచినారు. 1816లో మరల వెళ్లి, ఆ రాళ్లకు బొమ్మలు వ్రాయించినారు. తరువాత ఆ స్తూపపు రాళ్లు ఎన్నో చెల్లాచెదురైనవి. కొన్ని సున్నపుబట్టీ పాలైనవి. నేడు ఆ రాళ్లు చెన్నైలో కొన్ని, కలకత్తాలో కొన్ని, లండనులో కొన్ని ఉన్నవి. అసలు స్తూపం ఎట్లుండెనో ఊహించేవారికి మెకంజీ వ్రాయించిన ఆ బొమ్మలే పెద్ద ఆధారం.

1815లో ఆయన ఇండియా మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినారు. కొంతకాలానికి తన సొత్తుతో కలకత్తాకు మకాం మార్చినారు. లక్ష్మయ్య కూడా వెంట వెళ్లినాడు. అన్నీ వరుసపెట్టి, పట్టిక వ్రాసి, అచ్చు వేయవలెనని ఆశ. రోగం ఆ ఆశ తీరనియ్యలేదు. 1821 మే 8వ తేదీన మెకంజీ కన్నుమూసినారు.

అప్పుడు ఆ సొత్తు కుప్పగా మిగిలినది. ఆయన భార్యవద్ద కుంఫిణీవారు దానిని 10,000 పౌన్లకు కొన్నారు. విల్సన్ అనే సంస్కృత పండితుడు పట్టిక తయారుచేసి 1828లో అచ్చు వేయించినారు. గ్రంథాలు 1,568, ఊళ్ల వృత్తాంతాలు 2,070, శాసనాల నకళ్లు 8,076, బొమ్మలు 2,630, నాణాలు 6,218, విగ్రహాలు 106. ఒక్క మనిషి తలపెట్టిన పని అది. కాని ఆ పట్టిక వ్రాసినవారికి తెలుగు, తమిళ, కన్నడాలు రావు. మెకంజీవద్ద పనిచేసిన పండితులు చెప్పినదానిమీదనే ఆధారపడవలసి వచ్చినది.

సరకును అప్పుడు పంచినారు. నాణాలు, బొమ్మలు, విగ్రహాలు, కొన్ని గ్రంథాలు ఓడలెక్కి లండను చేరినవి. దక్షిణదేశపు భాషల కాగితాలు పెద్దపాలు మద్రాసుకు వచ్చినవి. గూడ్సు ఆఫీసులో పనిచేసేవాడికి ఒక సంగతి బాగా తెలుసు. మూటకు కట్టిన చీటీ ఊడిపోతే, లోపల పట్టుచీర ఉన్నా అది దిక్కులేని మూటే. ఈ సొత్తుకు లక్ష్మయ్యే చీటీ వంటివాడు. ఏ కాగితం ఏ ఊరిది, ఎవరిచ్చినది, ఎందుకిచ్చినది అతనికే తెలుసు. మిగిలిన పని తనకు అప్పగించండని అతడు అర్జీ పెట్టుకొన్నాడు. 1836లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు దానిని త్రోసిపుచ్చినారు. దేశీయుడు సహాయకుడుగా పనికివస్తాడు గాని, ఇంతటి పనికి పెద్దగా ఉండజాలడని వారి అభిప్రాయం. ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలోనే బ్రతికినవాడికి దక్కిన జవాబు అది.

మద్రాసులో ఆ కాగితాలు పురుగులు తిని, తడిసి, పొడి అవుతూ వచ్చినవి. వాటికి మరల ఊపిరి పోసినవారిలో మనకందరికీ తెలిసిన బ్రౌన్ దొర ఒకరు. సెలవుమీద ఇంగ్లండులో ఉన్నప్పుడు కుంఫిణీవారి గ్రంథాలయంలో దక్షిణదేశపు తాళపత్రాలు దిక్కులేక పడియుండడం ఆయన కంటబడినది. పట్టుబట్టి వాటిని మద్రాసుకు తిరిగి పంపించినారు. శిథిలమౌతున్న కైఫీయత్తులకు కొత్త కాగితాలమీద నకళ్లు వ్రాయించినారు. లోకల్ రికార్డులని నేడు చెప్పుకొనేవి అవే. అసలు కాగితం నశించినచోట కూడా ఆ నకలు నిలిచినది. ఆ సొత్తు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నది. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంవారు ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసినారు. తన ఊరి పేరు అందులో వెతికి చూచుకొనేవారు నేటికీ ఉన్నారు.

మెకంజీ చిత్రపటం ఒకటి 1816లో మద్రాసులో వ్రాసినది లండనులో ఉన్నది. అందులో దొరగారు ఎర్రకోటు తొడుక్కొని నిలుచున్నారు. చుట్టూ మనవారు ముగ్గురున్నారు. వెనుక దూరాన గోమటేశ్వరుని విగ్రహం. దొరను ఒంటరిగా వ్రాయకుండా ఆ ముగ్గురినీ ప్రక్కన నిలిపినందుకు చిత్రకారునికి మ్రొక్కవలెను.

సంపాదించడం సగం పని. అది ఏమిటో తెలిసినవాడిని మిగుల్చుకోవడం తక్కిన సగం. మెకంజీ మొదటి సగం ఎవరూ చేయలేనంతగా చేసినారు. రెండవ సగానికి తగినవాడు ప్రక్కనే ఉన్నా పెద్దలు కాదన్నందున కాలం పోయినది, పోయిన కాగితాలు పోయినవి.

మన ఇళ్లలో మెకంజీ సొత్తు లేకపోవచ్చును. తాతగారి తాళపత్రాల కట్టో, అవ్వగారు పుట్టింటినుండి తెచ్చుకొన్న ఇత్తడి బిందెయో, పూర్వులు విడిచివచ్చిన ఊరి పేరున్న పాత దస్తావేజో ఉండకపోదు. పిల్లలు బడిలో అరవం చదువుతున్నారు. తెలుగు అక్షరాలు రానివారికి ఆ కాగితం రేపు పొట్లం కాగితమే. కనుక ఈ ఉగాదికి ఇల్లు కడిగి, అటుక దులిపేటప్పుడు ఒక పని చేయండి. ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, దాని కథ ఏమిటి అని ఒక కాగితంమీద వ్రాసి దానితోనే ఉంచండి. అరవంలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస వ్రాస్తే మరీ మంచిది. ఇంటిలో ఒక పిల్లవానినో, పిల్లనో పిలిచి ఆ కాగితం చదివించండి. చదవరాకపోతే ఆ అక్షరాలతోనే ఓనమాలు మొదలుపెట్టించండి.