రహీము మాస్టరు

సాయంకాలము బడిగంట మ్రోగినతోడనే పుస్తకములను గోడప్రక్క నుంచి, వట్టి కాళ్లతో బంతి వెంట పరుగెత్తు బాలురను ఉదయగిరియందును ఆత్మకూరునందును మేము చిరకాలముగా చూచుచున్నాము. రాళ్లు గుచ్చుకొనినను వారు లెక్కచేయరు. ఇట్టి వట్టికాళ్ల ఆటగాండ్రను లోకప్రసిద్ధములైన జట్ల యెదుట నిలిపిన ఒక బడిపంతులు చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. హైదరాబాదువారు ఆయనను రహీం సాబ్ అని గౌరవముతో పిలిచెడివారు.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులై, తరువాత వ్యాయామ విద్యయందును శిక్షణ పొందిరి. యౌవనమున తామును మంచి ఆటగాండ్రు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి.

ఆ జట్టులోనివారు పోలీసు ఉద్యోగులు. ఆటకై వేరుగా జీతము లేకున్నను, ఆట నేర్చినందువలననే వారికి కొలువు దొరకెను. పేద కుటుంబముల పిల్లలకు బంతియే అన్నము పెట్టెనని చెప్పవచ్చును. ఆ సంవత్సరమే యీ జట్టు కలకత్తాలోని పేరుమోసిన మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచెను. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు పరులకు దక్కనీయలేదు.

ఈ విజయముల రహస్యమేమి? రహీముగారు మైదానమును కూడ తరగతిగానే యెంచిరి. బంతిని తనవద్దనే యుంచుకొని గొప్ప చూపువానికంటె, తోడివానికి సకాలమున అందించువానినే మెచ్చిరి. బంతితో ఒంటరిగా పోరాదను నియమముతో పందెములు పెట్టిరి. వాటము లేని కాలితోనే తన్నవలెనని మరికొన్ని పెట్టిరి. లెక్కలలో వెనుకబడిన పిల్లవానిచేత లెక్కలే చేయించు పంతులు పద్ధతియే యిది.

పిదప దేశపు జట్టును తీర్చు భారము ఆయనపై పడెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఓడించి స్వర్ణపతకము గొనిరి. మరుసటి యేడు హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిరి. ఆ చలిలో మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. ఆ పరాభవము వట్టిపోలేదు. తరువాత బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీముగారు హంగేరీవారి క్రొత్త వ్యూహములను పరిశీలించి మనవారికి నేర్పిరి. నాలుగేండ్లకు, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మనజట్టు ఆస్ట్రేలియాను 4–2గా గెలిచి, నాలుగవ స్థానమందెను. ఆ జట్టులో హైదరాబాదువారు పెక్కురుండిరి.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో ఆయనకు కఠిన పరీక్ష వచ్చెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియాతో ఓటమి కలిగెను. రక్షకుడగు జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడెను. అచ్చటి జనులు మనవారిపై ఆగ్రహించి గేలిచేయుచుండిరి. రహీముగారు జర్నైల్ సింగును మాన్పింపక, వెనుకనుండి ముందునకు మార్చి గోలు కొట్టువానిగా నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన ఆ కొరియానే తుదియాటలో 2–1గా ఓడించిరి. ఒక గోలు ప్రదీప్ కుమార్ బెనర్జీది, రెండవది జర్నైల్ సింగుది. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు స్వర్ణము మరల రాలేదు.

ఆ విజయమునకు పది నెలలు నిండకమునుపే, 1963 జూన్ 11వ తేదీన రహీముగారు క్యాన్సరు వ్యాధిచే మరణించిరి. తరువాత పోలీసు జట్టు వైభవము క్రమముగా సన్నగిల్లెను. ఆ నగరమున 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సి జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచియు, 2025లో ఢిల్లీకి తరలిపోయెను.

ఇచ్చట మేము మా మనస్సునకు తోచిన దొకటి చెప్పక తప్పదు. ఒక్క మనుష్యుని మీద నిలిచిన జట్టునకు ఆ మనుష్యుడే బలము, ఆ మనుష్యుడే బలహీనత. మేమును ఉపాధ్యాయులమే. మేము వెడలిన పిమ్మట మా పాఠము నిలుచునా యని రహీముగారి చరిత్ర మమ్ము ప్రశ్నించుచున్నది. దీనికి జవాబు మా చేతిలో లేదు, మా విద్యార్థుల చేతిలో నున్నది. నేర్చినవాడు తన తరువాతివానికి నేర్పవలెను. అందిన బంతిని తోడివానికి అందింపుడు. రహీము మాస్టరు నేర్పిన మొదటి పాఠ మదియే.