డాక్టర్ కింగ్ చదివిన మన నేల

ఇల్లెందు, కొత్తగూడెం గనుల్లో ‘కింగ్ సీమ్’ అనే బొగ్గు పొర ఉంది. ఏ రాజుగారి పేరో అనుకుంటాం. కాదు, డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుని పేరు అది.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులోని గాల్వే కాలేజీలో ప్రొఫెసరు. 1864లో నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కొడుకు 1857లో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు వైపు పనిచేశారు. 1863లో బ్రూస్ ఫుట్‌తో కలిసి అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నారు. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యికి పెట్టిన రాళ్లే అంటుకున్నయని మన దిక్కు ఒక కథ చెప్తరు. ఆ ఇల్లెందు బొగ్గును 1871–72 ప్రాంతంలో పరిశీలించి ధ్రువీకరించింది కింగే.

అయితే బొగ్గు కన్నా, ప్రాణహిత–గోదావరి లోయ మీద 1881లో ఆయన వెలువరించిన గ్రంథమే నాకు గొప్పగా తోస్తుంది. బండ్ల బాటలు తప్ప దారిలేని అడవుల్లో తిరిగి, ఏ పొర మీద ఏ పొర ఉందో వరుస కట్టారు. అడుగున తాల్చేరు పొర: మెత్తటి మట్టిలో ఇరుక్కున్న పెద్ద పెద్ద గుండ్లు. ఇటువంటి గుండ్లను మంచు మోసుకొచ్చిందని ఒరిస్సాలో 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు చెప్పారు. ఆదిలాబాదుకు అవతల, పెన్‌గంగ ఒడ్డున ఇరయి దగ్గర మంచు గీరిన సున్నపురాయిని ఫెడ్డెన్ చూశాడు. మే నెలలో నెత్తి మాడే మన జిల్లాల పక్కన మంచు! దానిపైన బొగ్గు, అంటే చల్లని చిత్తడిలో గ్లాసోప్టెరిస్ చెట్ల అడవి. ఇంకా పైన ఆసిఫాబాద్ వైపు మలేరి ఎర్రమట్టి, అంటే వేడి, వాన ఒకదాని వెంట ఒకటి వచ్చిన కాలం. ఆ మీద కోట సున్నపురాయిలో చేపల శిలాజాలు.

ఒక్క నేల మీద ఇన్ని వాతావరణాలు ఎట్లా? కింగ్ 1887 నుంచి 1894 దాకా సర్వే డైరెక్టరుగా ఉండి, 1900లో చనిపోయారు. ఖండాలు కదులుతాయని వెగెనర్ చెప్పింది 1912లో. సుమారు 30 కోట్ల ఏండ్ల కింద మన నేల దక్షిణ ధ్రువం దిక్కున ఉండేది. ఇప్పుడు ఆనాటి భూమిని కంప్యూటరు లెక్కల్లో మళ్లీ నిలబెడుతున్నారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గిస్తే ఆ లెక్కల్లో మంచు పెరుగుతుంది, పెంచితే కరుగుతుంది. లెక్క నిజమా అని సరిచూసేది మళ్లీ ఇటువంటి రాళ్లతోనే.

మాది వానాధారపు పత్తి. మిరుగు దాటినా మొగులు పట్టకపోతే మా బాపుకు నిద్రుండదు. రామగుండంలో కాలే బొగ్గు కూడా కింగ్ తిరిగిన ఈ లోయదే. అడవులు లక్షల ఏండ్లు గాలిలోంచి గుంజుకున్న వాయువును మనం వంద, నూటయాభై ఏండ్లలో మళ్లీ గాలిలో కలుపుతున్నం. రేపటి వానల సంగతి చెప్పే నమూనాలను గూడ పాతకాలపు వాతావరణాల మీద పరీక్షించి చూస్తారు. అందుకే తాల్చేరు, మలేరి, కోట అని కింగ్ గ్రంథంలో ఉన్న పేర్లనే భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ వల్లె వేస్తున్నరు.