పెద్ద గింజ విత్తితే పెద్ద గింజే పండుతుందా? జోహాన్సెన్ బీన్స్ పరీక్ష

విల్‌హెల్మ్ జోహాన్సెన్ 1857లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పుట్టారు. పెద్ద చదువుకు ఇంట్లో స్తోమత లేక మందుల దుకాణంలో పని నేర్చుకున్నారు. 1881లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో చేరి, తర్వాత ఆచార్యులయ్యారు.

రైతుకు పనికొచ్చేది ఆయన బీన్స్ పరీక్ష. ఒకే రకం బీన్స్ తీసుకుని, ఒక్కో గింజ సంతతిని విడివిడిగా పెంచారు. 19 వంశాలు తేలాయి. ఒకదాని గింజ సగటు బరువు సుమారు 640 మిల్లీగ్రాములు, ఇంకొకదానిది 350. ఇది పుట్టుకతో వచ్చిన తేడా. కానీ ఒకే వంశంలో పెద్ద గింజలు, చిన్న గింజలు వేరుచేసి విత్తితే రెండింటి పంట సగటూ దాదాపు ఒక్కటే! ఏళ్ల తరబడి ఏరినా మారలేదు. అక్కడి తేడా నేల, ఎండ, తిండి వల్ల వచ్చిందే. 1903లో ఈ సంగతి ప్రకటించారు. 'జీన్' అనే మాట పెట్టిందీ ఆయనే, 1909లో. 1927లో కన్నుమూశారు.

వరి కూడా బీన్స్ లాగే స్వపరాగ సంపర్క పంట. గట్టు వెంబడి దుబ్బులు బలంగా ఉండేది చోటు, ఎండ ఎక్కువ దొరకడం వల్ల. అందుకే విత్తనానికి వెన్నులు చేను నడిమి నుంచి ఏరండి. కేళీలు మాత్రం తప్పక పీకేయాలి, వాటి తేడా పుట్టుకతోనిది. ఉప్పునీటిలో తేలిన తాలు తీసేయడం మానొద్దు. నారు బలంగా వస్తుంది, రకం మాత్రం మారదు.